పిలవని పలకరింపు

దీప కాపురానికి వచ్చిన కొత్తలో ఇప్పగడ్డ వాళ్ళంతా పిల్లికి బిచ్చం పెట్టని రకమనుకుంది. అనుకోదా మరి? ఎదురింటి పద్మలత పెరట్లో నిమ్మచెట్టు విరగకాసింది. కాయలు పండి, రాలి, కుళ్ళి చీమల పాలవుతున్నాయి. పులిహోరకు రెండు కాయలు అడిగిన పాపానికి ఆవిడ దయ్యాన్ని చూసినట్టు చూసి, "దుకాణంల దొరుకుతయి బిడ్డా" అని తలుపు వేసుకుంది. రఘునాథపల్లిలో, హైదరాబాదు రోడ్డు పక్కన, బండి ఆపి నీళ్ళడిగిన వాళ్ళకు మజ్జిగ పోసే ఇంట్లో పుట్టింది దీప. ఆ రోజు ముఖం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చి, చింతపండుతోనే పని కానిచ్చింది.

తర్వాత ఒక్కొక్కటే కంటపడ్డాయి. ఇక్కడ ఆడవాళ్ళు దువ్వుకున్న చిక్కు వెంట్రుకలు బయట పారేయరు. పొయ్యిలో వేసి, కాలేదాకా చూస్తారు. పసిపిల్లల బట్టలు ఇంట్లో ఫ్యాను కిందే ఆరతాయి. ఎవరి బిడ్డనూ ఎవరూ ముద్దుగా ఉన్నాడనరు. అలాగని ఇదేమన్నా దీపం లేని ఊరా అంటే, కాదు. ములుగు దాటి ఏటూరునాగారం వెళ్ళే బస్సు ఊరి ముందే ఆగుతుంది. చేతి చేతికీ ఫోను, వరి కోతకు మిషన్లు, "మన ఇప్పగడ్డ" అని ఒక వాట్సాప్ గ్రూపు. "మంత్రాలకు చింతకాయలు రాలవు" అని పోలీసులు బడి గోడ మీద ఎర్రరంగుతో రాయించిపోయారు కూడా. ఆ గోడ పక్కనే దారిలో కోసిన నిమ్మకాయ పడి ఉంటే మాత్రం డిగ్రీలు చదివిన వాళ్ళు కూడా బండి చుట్టు తిప్పుకుని పోతారు.

అన్నిటికన్నా దీపకు మింగుడుపడనిది ఇంకోటుంది. ఈ ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళను ఎవరూ పలకరించరు. పెళ్ళికి మరిచిపోయి పిలవకపోయినా వచ్చే జనం, చావుకు కబురందకపోయినా పరుగెత్తుకొచ్చే జనం, జబ్బు చేసిన ఇంటి ముందు మాత్రం చూపు తిప్పుకుని నడుస్తారు. ఎందుకని భర్తనడిగింది. భానుచందర్ వరికోత మిషను డ్రైవరు. పన్నెండు గంటలు మిషను రొదలో కూర్చునే మనిషికి మాటలు తక్కువ. "మా ఊర్ల గంతే" అని ఊరుకున్నాడు.

అత్త లక్ష్మీనర్సమ్మను అడిగే ధైర్యం చేయలేదు. లక్ష్మీనర్సమ్మ కోపిష్టి అని కాదు. ఆవిడ నోట్లో ముందు పళ్ళు లేవు. పైనా లేవు, కిందా లేవు. వయసులో ఉన్నప్పుడు బావి మెట్ల మీద పడి ఊడిపోయాయని భానుచందర్ చెప్పాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోనిదే ఆవిడ మాట్లాడదు. అందరూ తిన్నాక గోడవైపు తిరిగి కూర్చుని, అన్నం మెత్తగా పిసుక్కుని తింటుంది. కట్టుడు పళ్ళు పెట్టిస్తానని దీప ఒకసారి హన్మకొండ తీసుకుపోయింది. డాక్టరు గది దాకా బాగానే వచ్చిన మనిషి, ట్రేలో మెరుస్తున్న పనిముట్లు చూసి వెనక్కి తిరిగి, బస్టాండు దాకా ఆగకుండా నడిచింది. పళ్ళ డాక్టరంటే అందరికీ భయమే కదా అని సరిపెట్టుకుంది దీప.

కోతల కాలం వచ్చింది. భానుచందర్ మిషను వేసుకుని జనగామ వైపు వెళ్ళాడు. ఆ వారంలోనే పద్మలత మనవడు ఉదయ్ జ్వరాన పడ్డాడు.

ఉదయ్ ఒకటో తరగతి. మిషను ఇంటి ముందు ఆగిందంటే చాలు, "దీపత్తా, నన్ను పైకెక్కియ్యవా" అని కొంగు పట్టుకుని వేలాడే రకం. దీపకు ఇంకా పిల్లల్లేరు. వాడు వచ్చి వాకిట్లో గోల చేస్తే ఆమెకు ఇల్లు నిండినట్టుండేది. అలాంటి వాడి గొంతు మూడు రోజులుగా వినబడలేదు. నాలుగో రోజు పొద్దున వినబడింది. అది ఏడుపు కూడా కాదు, సన్నటి మూలుగు. వీధిలో ఒక్కొక్క తలుపే మూసుకుంది. దీప చేతిలో చీపురు కదలడం మానేసింది.

"అత్తమ్మా, పోరనికి తక్కువైతలేదు. జర చూసొస్త."

లక్ష్మీనర్సమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి చేతికి అంత బలముందని దీపకు అప్పటిదాకా తెలియదు. "పోవద్దు బిడ్డా. పిలిస్తే పోదువు గని. పిలువకుంట పోవద్దు."

"పేరంటమా అత్తమ్మా, పిలువనీకి?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఎదురింట్లోంచి మళ్ళీ మూలుగు. దీప చెయ్యి విడిపించుకుని, గిన్నెలో ఇంత గంజి పోసుకుని వీధి దాటింది.

పద్మలత గడపలోనే కూర్చుని ఉంది. ఎల్లమ్మలూ మల్లమ్మలూ పుట్టిన తరంలో పద్మలత అని పేరు పెట్టించుకున్న మనిషి. పట్నం పోకడ తండ్రి, అపురూపంగా పెంచాడంటారు. ఇప్పుడు జుట్టంతా నెరిసింది గానీ పలువరుస మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ దీపను రమ్మనలేదు, పొమ్మనలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నిన్నెవలు పిలిచిండ్రు?" అని అడిగింది.

"ఎవలు పిలుస్తరత్తా? పోరడు ఏడుస్తాండు గదా!" అంటూనే దీప లోపలికి వెళ్ళింది.

మంచం మీద ఉదయ్, పక్కన వాడి తల్లి భవాని. తలుపుకు వేపమండలు, వాడి మెడలో కొత్త తాయెత్తు. ఊళ్ళో సూది మందు వేసే డాక్టరు ఇచ్చిన గోళీలు కిటికీలో ఉన్నాయి. దీపను చూడగానే భవాని బెదిరిపోయి లేచి నిలబడింది. దీప అదేమీ పట్టించుకోకుండా పిల్లవాడి చొక్కా పైకెత్తింది. కడుపు మీద ఎర్రటి చుక్కలు. ముక్కు కింద ఎండిన నెత్తురు. ఒళ్ళు చల్లగా ఉంది.

"జ్వరం పోయింది గదక్కా, రాత్రి నుంచి సల్లగనే ఉన్నడు" అంది భవాని.

తన తమ్ముడికి డెంగీ వచ్చినప్పుడు ఇలాగే జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ సాయంత్రమే వాడు కళ్ళు తేలేస్తే, ఆస్పత్రికి పరుగెత్తి బతికించుకున్నారు. "చెల్లే, ఇది జ్వరం పోవుడు గాదు. మా తమ్మునికి గిట్లనే అయింది. నిలవడ్డ కాల మీద వరంగల్ తీస్కపోవాలె" అంటూనే ఫోను తీసి అంబులెన్సుకు కొట్టింది. గంజి రెండు చెంచాలు పట్టింది. వాడు కక్కేశాడు. అందులో నల్లగా ఏదో చారిక కనిపించింది. భవాని కెవ్వుమంది.

అంబులెన్సు వచ్చేసరికి పొలం నుంచి సదానందం, అదే భవాని మొగుడు, కొడవలి చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. కొడుకును ఎత్తుకుని ఎక్కాడు. తలుపు వేస్తుంటే దీప చుట్టూ చూసింది. వీధిలో ఒక్క మనిషి లేడు. కానీ ప్రతి కిటికీ రెక్కా బెత్తెడు తెరుచుకుని ఉంది.

మర్నాడు పొద్దున వార్త వచ్చింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయట, నెత్తురెక్కిస్తున్నారట, ఒక రోజు గడిస్తేనే గానీ ఏమీ చెప్పలేమన్నారట. వార్త ఎదురింటికి వచ్చింది. అక్కడి నుంచి ఊరికి ఎలా పాకిందో ఎవరికీ తెలియదు. నల్లా దగ్గరికి దీప బిందె తీసుకుని పోతే, అప్పటిదాకా కలకలలాడుతున్న ఆడవాళ్ళు నోళ్ళకు తాళాలు వేసుకున్నారు. సగం నిండిన బిందెలు ఎత్తుకుని సగం నీళ్ళతోనే వెళ్ళిపోయారు. మంచిదే, వంతు తొందరగా వచ్చింది అనుకోబోయింది దీప. అనుకోలేకపోయింది.

ఇంటికొచ్చి ఫోను తెరిస్తే "మన ఇప్పగడ్డ" గ్రూపులో ఎవరో ఒక నిమ్మకాయ బొమ్మ పెట్టారు. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. పొద్దున లేస్తే శుభోదయాలూ, పూల బొమ్మలూ, రాజకీయాలూ కుమ్మరించే గ్రూపు అది. ఒక్కరికీ మాట లేదు. చూసిన వాళ్ళ లెక్క మాత్రం పెరుగుతూ పోతోంది.

"అత్తమ్మా, గిదేంది?" అని ఫోను చూపించింది.

లక్ష్మీనర్సమ్మ బొమ్మ వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, కోడలి ఎదురుగా నేల మీద కూర్చుంది. నోటికి అడ్డం ఉన్న కొంగు తీసేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్త ముఖం పూర్తిగా చూడడం దీపకు అదే మొదలు.

"ఈ ఊర్ల పిలువకుంట ముందుగాల పలకరించినోళ్ళే చేతబడి చేసినోళ్ళు, బిడ్డా. చేసినోళ్ళకు నిద్ర పట్టదట. పనయిందా, కాలేదా అని చూడ వస్తరట."

పళ్ళు లేని నోట్లోంచి మాటలు గాలితో కలిసి వస్తున్నాయి. దీప దగ్గరికి జరిగింది.

"మరి పిలిస్తే?"

"పిలిస్తే పోయినోళ్ళ తప్పు లేదు. కని పిలిచినామె పూచీ. ఏమన్నయితే ఇద్దరికి ఒక్కటే శిక్ష. గందుకే ఎవలు ఎవల్ని పిలువరు." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "పద్మ మరిది కడుపునొప్పని పండుకున్నడు. అప్పుడది కొత్తగ కాపురానికొచ్చింది. మొగడు ఊర్ల లేడు. పొద్దుగూకంగ పెరటి గోడ కాడికొచ్చి, నర్సక్కా, జర వచ్చి చూడు, నాకు బుగులైతాంది అన్నది. ఒక్కతే ఉండనీకి భయమట. పోయిన. వాము నీళ్ళు తాగిచ్చిన. తెల్లారెవరకు పిలగాడు పోయిండు."

"నిన్ను పిలిచిందని నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన. గొంతు పోయేదాక చెప్పిన. అది తలకాయ వంచుకొని నిలవడ్డది. పిలిచిన అంటే దాన్ని గూడ కూసోవెడుదురు నా పక్కన." లక్ష్మీనర్సమ్మ చిగుళ్ళ మీద నాలుకతో ఒకసారి తడుముకుంది. "పండ్లు లేకపోతే నోట్ల మంత్రం పలుకదట. గీ భజనల రాజమల్లే పట్టకారు పట్టిండు. నా పెనిమిటిని గుంజకు కట్టేసిండ్రు. భాను ఇంకా పాలు తాగే పోరడు. మా పాత ఇంటి వాకిట్లనే. ఆనాడు నిలవడ సందు లేదు. పోలీసులొచ్చి అడిగితే మాత్రం ఒక్కడు చూసినోడు లేడు."

బావి మెట్లు అని తనకు చెప్పిన భర్త మీద దీపకు కోపం వచ్చింది. ఆ వెంటనే జాలీ వేసింది. పాలు తాగే పిల్లవాడికి ఎవరు ఏం చెప్పి పెంచారో. మంత్రాలకు చింతకాయలు రాలవని గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాశారు. రాలవు. పళ్ళు మాత్రం రాలాయి. ఆ రాలినవి ఏం చేసిండ్రు అత్తమ్మా అని అడగబోయి నోరు నొక్కుకుంది.

"దాని పండ్లు ఇప్పటికి గట్టిగనే ఉన్నయి" అంది లక్ష్మీనర్సమ్మ, ఎదురింటి వైపు గడ్డం ఎత్తి. "జొన్నరొట్టె నములుతది. ఈడిదాక వినవడుతది నాకు."

మధ్యాహ్నం భానుచందర్ వచ్చాడు. మిషను అక్కడే వదిలేసి, బస్సు దొరక్క ఎవరి బండో అడుక్కుని వచ్చాడు. గ్రూపులో బొమ్మ అతనూ చూశాడు. ఒళ్ళంతా వరి దుమ్ము, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దీపా, లే. రెండొద్దులు మీ అమ్మగారింట్ల ఉందువు. బండి బయటనే ఉన్నది."

"పోతే చేసినట్టే" అంది లక్ష్మీనర్సమ్మ.

"అమ్మా, నువ్వూకో! ఉంటే ఏమైతదో నీకు తెల్వదా?"

"నాకే తెలుసు. పోయిందనుకో, దొంగ గనుకనే పారిపోయింది అంటరు. పోరనికి ఏమన్నయితే రఘునాథపల్లికి పోతరు. అక్కడ ఈమె తల్లి ఉంటది. నీకు తోడబుట్టినోని లెక్క ఆ తమ్ముడుంటడు."

భానుచందర్ ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. చెంబు తన్నుకున్నాడు. పోలీసులకు ఫోను కొట్టాడు. జీపు బయలుదేరుతుందని, మండలం నుంచి రావాలని చెప్పారు. దీపకు భయం వేస్తోంది. కానీ దానికి మించి ఇంకొకటి తొలుస్తోంది. రెండు చెంచాల గంజి. వాడు కక్కిన నల్లటి చారిక. ఒకవేళ పట్టకుండా ఉంటే బాగుండేదా? తనకు మంత్రం రాదని తనకు తెలుసు. అయినా తన చెయ్యి మంచిదేనా అని ఒక్క క్షణం చేతివంక చూసుకుంది. చూసుకున్నందుకు సిగ్గుపడింది. ఊరి గాలి తన ఒంట్లోకి కూడా వచ్చేసిందని అప్పుడర్థమైంది ఆమెకు.

పొద్దు ఇంకా గుంకలేదు, వాళ్ళు వచ్చారు.

అరుపులేమీ లేవు. చెప్పుల చప్పుడు మాత్రం చాలా వినబడింది. ముందు రాజమల్లు, చేతికర్రతో. ఇప్పుడాయన పెద్దమనిషి. షుగరుంది, చూపు తగ్గింది, భజన మండలికి పెద్ద. వెనక ఊళ్ళో మగవాళ్ళు, వాళ్ళ వెనక ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళు. ఇంకా వెనక ఆడవాళ్ళు. నిన్న బెత్తెడు తెరిచిన కిటికీలన్నీ ఇవాళ మనుషులై వచ్చి నిలబడ్డాయి.

"ఏం లేదు భానూ" అన్నాడు రాజమల్లు, చావింట్లో మాట్లాడినట్టు మెత్తగా. "పోరడు దవాఖానల ఎట్లున్నడో మనకు తెల్వదు. ఊరు బుగులు పడుతాంది. బిడ్డెను ఒక్క మాట అడిగి పోదామని."

"ఏమడుగుతవ్ తాతా? అంబులెన్సుకు ఫోన్ చేసింది. అది తప్పా?"

"గది మంచే చేసింది. కని ముందుగాల ఎందుకు పోయింది? ఊర్ల ఇంతమంది ఉన్నరు, ఒక్కలు పోలే. పిల్లలు లేనామె, ఆమెకే ఎందుకంత ఆరాటం?" ఆయన మసక కళ్ళతో దీపను వెతుక్కున్నాడు. "చెప్పు బిడ్డా. నిన్నెవలు పిలిచిండ్రు?"

ఒక్క అబద్ధం చాలు. భవాని పిలిచింది అంటే సరిపోతుంది. భవాని వరంగల్లో ఉంది, కాదనడానికి ఇక్కడ లేదు. దీప ఆ మాట నాలుక చివరి దాకా తెచ్చుకుంది. అంతలో భవాని ముఖం గుర్తొచ్చింది, కక్కు చూసి కెవ్వుమన్న ముఖం. కొడుకు చావుబతుకుల్లో ఉన్న ఆడదాన్ని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టడమా?

"ఎవలు పిలువలే" అంది. "పోరడు ఏడ్చిండు. పోయిన."

ఎవరో గేటు మూశారు. కుర్రాళ్ళలో ఇద్దరు ముందుకు జరిగారు. భానుచందర్ అడ్డం పోతే నలుగురు పట్టుకున్నారు. అచ్చంగా అప్పుడు అతని తండ్రిని పట్టుకున్నట్టే పట్టుకున్నారని వాళ్ళలో పెద్దవాళ్ళకైనా తోచలేదు. లక్ష్మీనర్సమ్మ వచ్చి కోడలి ముందు నిలబడింది. మనిషి సన్నం, అడ్డం నిలబడ్డా వెనక దీప పూర్తిగా కనబడుతూనే ఉంది.

"ముసలమ్మను పక్కకు జరుపుండ్రి" అన్నారెవరో.

"నేనే పిలిచిన."

గొంతు గేటు అవతల నుంచి వచ్చింది. జనం తిరిగి చూశారు. పద్మలత. చెప్పుల్లేవు, చేతిలో ఫోను గట్టిగా పట్టుకుని ఉంది. ఆమెకు దారిచ్చారు, ఇవ్వడానికన్నా ఎక్కువగా ఆమె ఒంటికి తగలకుండా జరిగారు. జబ్బు ఇంటి మనిషి కదా.

"నువ్వా?" అన్నాడు రాజమల్లు. "ఆ పిల్లనేమో పిలువలే అంటాంది."

"నా పేరు బయట పడుతదని దాస్తాంది. నా మీదికి రావద్దని." పద్మలత ఎవరి వైపూ చూడడం లేదు. మాటలు ఎక్కడో లోపలి నుంచి, వరసగా, కంఠతా వచ్చిన పాఠంలా వస్తున్నాయి. "పెరటి గోడ కాడికి పోయి పిలిచిన. జర వచ్చి చూడు, నాకు బుగులైతాంది అన్న. పిలిస్తేనే వచ్చింది. రాకుంటె నేనేం జేద్దును? ఇంట్ల మొగోళ్ళు లేరు. పిలిస్తేనే వచ్చింది."

ఆ మాటలు దీప పొద్దున అత్త నోట విన్నవే. వాళ్ళింటికీ వీళ్ళింటికీ మధ్య వీధి ఉంది. పెరటి గోడ ఎక్కడిది? ఈ ఇల్లు కట్టకముందు, అత్త వాళ్ళ పాత ఇల్లు వీధికి అటు, పద్మలత పెరడు పక్కనే ఉన్నప్పుడు ఉండేదట గోడ. ముందు నిలబడ్డ అత్త వీపు ఒక్కసారి బిగుసుకోవడం ఆమెకు తెలిసింది.

"ఆలోచించి మాట్లాడు పద్మా" అన్నాడు రాజమల్లు. కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆయనకూ గోడ గుర్తొచ్చిందేమో, చెప్పలేం. "పూచీ నీదైతది."

"నాదే. నా మనుమడు వాడు. నాకన్న ఎవనికున్నది ఆరాటం? వానికేమన్నయితే పట్టకారు తీస్కరా, నా నోట్లె పెట్టు. ఒక్కటి గూడ ఊడలే ఇంకా. అన్ని ఉన్నయి."

అని పళ్ళన్నీ కనబడేట్టు నోరు తెరిచింది. మసకచూపు రాజమల్లు తల తిప్పుకున్నాడు. కుర్రాళ్ళ ఫోన్లు ఒకటొకటే కిందికి దిగాయి. పిల్లవాడి సొంత నాయనమ్మ పిలిచానంటే ఇంకెవర్ని పట్టుకుంటారు? చేసినామె ఎవరో కావాలి వాళ్ళకు. సొంత మనవడి మీదే చేసిందంటే కథ కుదరదు. భానుచందర్‌ను వదిలేశారు.

"ఫోను రానీయి" అన్నాడు రాజమల్లు చివరికి. "పోరని ముచ్చట తెల్వనీ. అప్పుడు మాట్లాడుకుందం."

గేటు తీసుకుని బయటికి వెళ్ళారు. ఇళ్ళకు మాత్రం పోలేదు. వీధి మలుపులో, పద్మలత ఇంటికీ ఈ ఇంటికీ కనబడేంత దూరంలో, గుంపులుగా నిలబడిపోయారు. జీపు ఇంకా రాలేదు.

వాకిట్లో ఇటు ముగ్గురు, గేటు దగ్గర పద్మలత. దీప పోయి ఆవిడ కాళ్ళ మీద పడాలనుకుంది. చెయ్యెత్తి దండం పెట్టాలనుకుంది. కానీ అక్కడ మాట్లాడే హక్కు తనది కాదని తెలుస్తూనే ఉంది. లక్ష్మీనర్సమ్మ గేటు దాకా నడిచింది. కొంగు భుజం మీదే ఉంది. నోటికి అడ్డం లేదు.

"ఆనాడు పిలిచినవు, చెప్పలేదు" అంది. "ఇయ్యాల పిలువలేదు, చెప్పినవు."

పద్మలత ఇనుప గేటు పట్టుకుని నిలబడింది. తలకాయ వంచుకోలేదు. వంచుకోకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో మెడ నరాల్లో కనిపిస్తోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారి, ఆ చెక్కుచెదరని పళ్ళ మీదికి వచ్చాయి.

"దానికి నీకు దండం పెట్టమంటవా?" అంది లక్ష్మీనర్సమ్మ. "పెట్ట."

"పెట్టకు."

"మాఫ్ చెయ్యమంటవా?"

"అడుగుతలేను, నర్సక్కా."

అంతే. అత్త మెత్తబడితే బాగుండునని దీపకు లోపల ఒక ఆశ. ఏం చూసుకుని మెత్తబడాలి అని మళ్ళీ తనే తిట్టుకుంది. ముప్పై ఏళ్ళ అన్నం, గోడవైపు తిరిగి తిన్న అన్నం, ఒక్క సాయంత్రంలో కడుపులోంచి పోతుందా?

పద్మలత వెనక్కి తిరిగి వీధి దాటింది. తన గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇల్లు చీకటిగా ఉంది. కొడుకూ కోడలూ వరంగల్లో, మనవడు అక్కడి ఆస్పత్రి మంచం మీద. నిన్నటి వేపమండలు తలుపుకు వేలాడుతూ ఉన్నాయి. ఆ ఇంట్లోకి ఇవాళ ఊళ్ళో ఒక్కరు అడుగుపెట్టరు. ఫోను మోగితే ఆవిడ ఒక్కతే వినాలి, ఏం విన్నా ఒక్కతే నిలబడాలి. గడప దాటలేక, ఫోను చూసుకుంటూ, చాలాసేపు అక్కడే నిలబడింది.

తర్వాత ఇటు తిరిగింది. మలుపులో జనమంతా చూస్తున్నారని తెలిసే, వాళ్ళందరికీ వినబడేట్టు, గొంతు పగిలేట్టు పిలిచింది.

"నర్సక్కా! జర రావే. నాకు బుగులైతాంది."

మలుపులో తలలన్నీ ఇటు తిరిగాయి. భానుచందర్ తల్లి భుజం పట్టుకున్నాడు. "అమ్మా, పోకు. ఫోన్ల ఏమొస్తదో ఏమో. ఇప్పుడు పోయినవంటే నువ్వు గూడ..." అని మధ్యలోనే ఆపేశాడు. ఆవిడకు చెప్పాల్సిన పని లేదని అతనికీ తెలుసు.

లక్ష్మీనర్సమ్మ కొడుకు చెయ్యి మెల్లగా తీసేసింది. చెప్పులు వేసుకుంది. దీప వెంట రాబోతే, వద్దని సైగ చేసింది. పిలిచింది తనను ఒక్కదాన్నే. గేటు తీసుకుని వీధి మధ్య దాకా వెళ్ళి నిలబడి, మలుపులో ఉన్న వాళ్ళందరి వైపూ ఒకసారి చూసింది. రాజమల్లు వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. ఆ తర్వాత పద్మలత వైపు తిరిగి, పళ్ళు లేని నోటితో, ఒక్కొక్క మాటా కూడదీసుకుని గట్టిగా అంది.

"గింతమంది ఇన్నరు పద్మా. నువ్వు పిలిచినవు, నేను వస్తాన. రేపటికి గూడ యాది ఉంచుకో."

అని గడప దాటి లోపలికి వెళ్ళింది. ఫోను ఇంకా మోగలేదు.